కొలత కాగితం నుంచి సైజు నంబరు దాకా: కౌబాయ్ బూట్లను నేరుగా అమ్మడంలో వచ్చిన మార్పు

2015లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పాల్ హెడ్రిక్ టెకోవాస్ కంపెనీ పెట్టి, కౌబాయ్ బూట్లను దుకాణాలకు వేయకుండా ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మడం మొదలుపెట్టారు. హోల్‌సేల్ ధరకు దాదాపు అంతకంత కలిపి అమ్మడం అక్కడి చిల్లర వ్యాపారంలో మామూలే. ఆ వాటా మిగిలితే, 200 డాలర్లకు అటూఇటూగా మంచి తోలు బూట్లు ఇవ్వొచ్చన్నది వారి లెక్క. లెక్క పనిచేసింది. అయితే మధ్యవర్తిని తప్పించడం ఈ వ్యాపారానికి కొత్త కాదు. ఈసారి నిజంగా మారింది వేరు: పాదం కొలిచే పని ఎవరి మీద పడింది, బూటు కుట్టే మనిషికి ఆ పాదం గురించి ఎంత తెలుస్తుంది అన్నవి.

1879లో టెక్సస్‌లోనే రెడ్ రివర్ ఒడ్డునున్న స్పానిష్ ఫోర్ట్‌లో జో జస్టిన్ బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. పశువుల మందలను ఉత్తరానికి తోలుకెళ్లే కౌబాయ్‌లు ఆ దారినే వెళ్లేవారు. 1889లో రైలు సౌకర్యం ఉన్న నొకోనాకు మకాం మార్చాడు. జస్టిన్ కుటుంబం కొలతల పట్టికను, టేపును టపాలో పంపేది. కౌబాయ్ ఎక్కడో పశువుల కొట్టంలో కూర్చుని తన కాలు తానే కొలుచుకుని, కాగితం నింపి తిరిగి పంపేవాడు. ఆ అంకెలు నేరుగా తోలు కోసే చేతికే అందేవి. నేటి ఆన్‌లైన్ అమ్మకానికి అసలు పూర్వరూపం ఇదే.

కొలతకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, కౌబాయ్ బూటుకు లేసులు ఉండవు. బూటును కాలికి పట్టి ఉంచేది మీగాలు ఒక్కటే. రెండు పక్కలా ఉన్న పట్టీలు పట్టుకుని లాగితే పాదం ఇరుకుగా దిగుతూ దిగుతూ ఒక్కసారిగా అడుగున కూర్చుంటుంది. మీగాలి మీద బిగువు సరిపోకపోతే బూటు నిలవదు, మరీ ఎక్కువైతే కాలే దిగదు. కొత్తలో నడుస్తుంటే మడమ కొద్దిగా పైకి లేస్తుంది. అడుగు అట్ట వంగడం అలవాటయ్యాక ఆ జారుడు తగ్గుతుంది. పాత దుకాణంలో అనుభవమున్న అమ్మకందారు బూటును వేలితో నొక్కి చూసి ఈ సంగతి చెప్పేవాడు. అది తెలియని కొత్త కొనుగోలుదారు మడమ లేవగానే సైజు పెద్దదనుకుని వెనక్కి పంపేస్తాడు.

కాబట్టి ఆన్‌లైన్ కంపెనీ ఆ అమ్మకందారు జ్ఞానాన్ని సైజు సలహాల్లోకి, మార్పిడి సౌకర్యంలోకి మార్చుకోవాల్సి వచ్చింది. వచ్చిపోయే రవాణా ఖర్చు, విప్పిన పెట్టెను తిరిగి సర్దే ఖర్చు, ప్రకటనల ఖర్చు కలిస్తే దుకాణదారుకు ఇవ్వకుండా మిగిల్చిన వాటాలో కొంత అటే పోతుంది. 2019లో టెకోవాస్ ఆస్టిన్‌లో తన మొదటి దుకాణం తెరిచింది, తర్వాత మరెన్నో. దీన్ని ఆన్‌లైన్ పద్ధతి ఓటమిగా చూడడం నాకు సరికాదనిపిస్తుంది. దుకాణం తిరిగొచ్చినా అది కంపెనీ సొంతం. కొనేవాడి వివరాలూ ధర మీద పట్టూ బయటి వ్యాపారికి పోలేదు. 1883 నాటి లుకేసీ వంటి పాత సంస్థలు కూడా ఇప్పుడు సొంత వెబ్‌సైట్లలో అమ్ముతున్నాయి.

ధర తగ్గడానికి మధ్యవర్తి లేకపోవడమే కారణమని చెప్పడం సగం నిజం. టెకోవాస్ బూట్లు ఎక్కువగా తయారయ్యేది మెక్సికోలోని లియోన్‌లో. ఆ నగరం తరాలుగా తోలు పనికీ పాదరక్షలకూ పెట్టింది పేరు. అడుగు అట్టను పాదం మధ్య భాగం దగ్గర చిన్న కొయ్య మేకులతో బిగించడం, పైభాగం మీద వరసల వరసల అలంకార కుట్టు వేయడం అక్కడి కార్మికుల నైపుణ్యం. ఆ నైపుణ్యమూ, అమెరికాతో పోలిస్తే తక్కువగా ఉన్న కూలీ కూడా ఆ ధరలో ఉన్నాయి. వ్యాపార చరిత్రకారులు ఈ పద్దును విడిగా లెక్కగట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. జస్టిన్ కాలంలో నేరు అమ్మకం అంటే తొడిగేవాడికీ కుట్టేవాడికీ మధ్య నేరు సంబంధం. ఇప్పుడు నేరు సంబంధం కొనేవాడికీ కంపెనీ పేరుకీ మధ్యనే. లియోన్ కార్మికుడికి చేరేది ఒక మనిషి మీగాలి కొలత కాదు, వేల జతలకు సరిపడే సైజు నంబరు.