మీరాలం చెరువు పక్కన మహలఖా బాయి జాడ

కిషన్‌బాగ్‌లో ఎవర్నడిగినా మీరాలం చెరువుకు దారి చెబుతారు. బహదూర్‌పురా నుంచి వచ్చే ఆటోవాలాకు ఆ ఒక్క పేరు చాలు. పాతబస్తీ లోపల మీరాలం మండికి కూరగాయలకు పోయేవాళ్లు పొద్దున లేస్తే పలికేది కూడా అదే పేరు. 1808లో కన్నుమూసిన ఒక దివాన్ పేరు ఇప్పటికీ జనం నోట్లో ఇలా నానుతోంది. ఆయన ఇంట్లో 1799 అక్టోబర్ 1న ఆడిన మనిషి పేరు చెబితే మాత్రం గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఆమె మహలఖా బాయి చందా. హైదరాబాద్ తన గుండెల్లో పెట్టుకోవాల్సిన గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి.

ఆమె మీద నాకు చాలా అభిమానం ఉంది. అందుకే ఆమె గురించి వినిపించే మాటలన్నీ ఒకసారి జల్లెడ పట్టాలనిపించింది. దేనికి కాగితం సాక్ష్యం ఉంది, దేనికి రాయి సాక్ష్యం ఉంది, ఏది చరిత్రకారుడి కలం నుంచి, ఏది జనం నోటి నుంచి వచ్చిందని విడదీసి చూడటమే ఇక్కడ నా పని.

ముందు చెరువు సంగతి. మీర్ ఆలం అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. రెండో నిజాం అలీ ఖాన్ తరఫున ఇంగ్లీషు కంపెనీతో బేరసారాలు నడిపినవాడు. 1799 మేలో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు నిజాం సేనతో అక్కడున్నాడు. ఆ మరుసటి ఏడాదే నిజాం కోపానికి గురై పదవి పోగొట్టుకున్నాడు. మళ్లీ 1804లో దివాన్‌గా వచ్చి చనిపోయేదాకా కొనసాగాడు. చెరువు ఆ ఏళ్లలో కట్టించిందే. ఒక పెద్ద బావిని నిలువునా సగానికి కోసి, ఆ సగాలను పక్కపక్కనే నిలబెట్టినట్టు 21 అర్ధవృత్తపు కమాన్లు ఉంటాయి దాని కట్టకు. ఉబ్బు నీళ్ల వైపు ఉంటుంది. నీళ్లు ఎంత తోస్తే రాళ్లు అంత గట్టిగా ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరానికి ముఖ్యమైన తాగునీటి వనరు ఇది. ఇక్కడికి దగ్గర్లోనే మురళీమనోహర స్వామి గుడి ఉంది. కిషన్‌బాగ్ పేరులోని కిషన్ ఆ కృష్ణుడే.

శ్రీరంగపట్నం పడిపోయిన అయిదు నెలలకు, మీర్ ఆలం వెలుగు ఇంకా తగ్గకముందు, ఆయన ఇంట్లో ఆ ఆట జరిగింది. ఈ సంగతి తెలియజేస్తున్నది ఒక చేతిరాత పుస్తకం. 1798లో మహలఖా బాయి తన గజళ్లు 125 ఒకచోట చేర్చి రాయించింది. తానే రాసిందనీ అంటారు. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ పుస్తకంలో ఇంగ్లీషులో చిన్న రాత ఒకటుంది. మీర్ ఆలం ఇంట్లో ఆట సాగుతుండగా, ఆ ఆటలో ప్రధాన నర్తకి అయిన చందా ఈ పుస్తకాన్ని కెప్టెన్ మాల్కంకు నజరుగా ఇచ్చిందని దాని భావం. తేదీ, చోటు, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, సందర్భం అన్నీ రెండు మూడు వాక్యాల్లో ఉన్నాయి. రెండు శతాబ్దాల నాటి ఒక కళాకారిణి జీవితంలోంచి ఒక రోజు ఇంత కచ్చితంగా మనకు దక్కడం అరుదు. నాకు ఆమె జీవితంలో అన్నిటికంటే గట్టి ఆధారం ఇదే.

దీన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. నజరు అంటే పెద్దల ముందు చిన్నవారు పెట్టే కానుక. అది దర్బారు మర్యాద. జాన్ మాల్కం అప్పటికి హైదరాబాద్ రెసిడెన్సీలో సహాయకుడిగా పనిచేసినవాడు, మైసూరు యుద్ధంలో నిజాం పక్షాన నడిచినవాడు. అలాంటి ఉద్యోగికి మీర్ ఆలం ఇంట కానుక ఇచ్చారంటే అందులో రాజకీయం పాలు ఎంతో కొంత ఉంటుంది. కాబట్టి ఆ రాత ఆధారంగా ఇద్దరి మధ్యా స్నేహం ఉందనో, మరొకటి ఉందనో కథలు అల్లలేం. అయితే అదే రాత మరో సంగతిని సందేహం లేకుండా నిలబెడుతుంది. కానుక ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆమె శాలువానో అత్తరు బుడ్డినో ఇవ్వలేదు, తన పుస్తకం ఇచ్చింది. తన రచనే తన హోదా అని ఆమెకు తెలుసు.

మీర్ ఆలంతో ఆమె అనుబంధం గురించి కథలు చాలా ఉన్నాయి. ఆమె అందాన్ని పొగుడుతూ ఆయన పద్యాలు రాశాడన్నది నిజం. కానీ ఆ కాలపు పారసీక, ఉర్దూ కవిత్వంలో ఆపాదమస్తకం వర్ణించడం ఒక మర్యాద. మన ప్రబంధాల్లో నాయిక వర్ణన చదివి కవి జీవితచరిత్ర రాయం కదా. ఆ పద్యాలను కవిత్వానికి సాక్ష్యంగా తీసుకుందాం. ప్రేమకు సాక్ష్యంగా చూపాలంటే మరో ఆధారం తోడు కావాలి.

ఆమె పుట్టుక 1768లో. తల్లి రాజ్ కున్వర్. కడుపుతో ఉన్న రాజ్ కున్వర్‌కు ప్రాణం మీదికి వస్తే, కవి, చిత్రకారుడు తజల్లీ అలీ షా మౌలాలి దర్గా నుంచి దారం, ధూపం తెచ్చాడని, బిడ్డ క్షేమంగా పుట్టిందని జీవితచరిత్రల్లో ఉంది. దీన్ని వైద్య సాక్ష్యంగా ఎవరూ తీసుకోరు. అయినా పక్కన పారేయలేను. జరిగిందా లేదా అన్న ప్రశ్నను అలా ఉంచితే, ఆమె జీవితాంతం మౌలాలి గుట్టను తన పుట్టిల్లులా చూసుకోవడానికి కారణం ఆమె నమ్మిన ఈ కథలో ఉంది. 1792లో తల్లి చనిపోతే ఆ గుట్ట కిందే సమాధి కట్టించి, తోట వేయించి, గోడ పెట్టించింది. 1824లో తానూ అక్కడే, తల్లి పక్కనే మట్టిలో కలిసింది. కమాను మీద పారసీక పద్యాల రాత ఉంది. 2010–11లో అమెరికా ప్రభుత్వ సాంస్కృతిక పరిరక్షణ నిధితో ఆ ప్రాంగణాన్ని బాగుచేశారు.

ఆమె గజళ్లు కూడా మౌలాలి గుట్ట వైపే చూస్తాయి. ఒక్కో గజల్‌లో అయిదు షేర్లు, అంటే రెండు పాదాల పద్యాలు అయిదు. చివరి షేర్‌లో కవి తన కలంపేరు కలపడం గజల్ ఆచారం. ఆమె అక్కడ ‘చందా’ అని కలిపి, తరచుగా హజ్రత్ అలీని తలచుకుంటుంది. ఎంత శృంగారంతో మొదలైన గజలైనా ఆఖరు అడుగులో దర్గా మెట్టు ఎక్కుతుందన్నమాట. 125 గజళ్లు అంటే అయిదు అయిదుల అయిదు. పంజెతన్ అని కొలిచే అయిదుగురు పవిత్రులను ఈ లెక్క గుర్తుచేస్తుంది. పీర్ల పండుగనాడు పంజాలు లేపే తెలంగాణ పల్లెలో పుట్టినవారికి ఇది వివరించనక్కర్లేదు. ఆమె కావాలనే ఆ లెక్క కట్టిందని నా ఊహ. ఊహ అనే రాస్తున్నాను.

ఇక ‘మొదటి’ అన్న బిరుదు సంగతి. ఉర్దూలో దివాన్, అంటే పూర్తి గజళ్ల సంపుటి, ఉన్న మొదటి స్త్రీ మహలఖా బాయి అని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే వినిపిస్తుంది. కానీ దక్కన్‌కే చెందిన లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దివాన్ వెలుగులోకి వచ్చాక లెక్క మారింది. పండితులు దాన్ని 1797 నాటిదిగా లెక్కిస్తున్నారు. అంటే చందా పుస్తకం కంటే ఒక ఏడాది ముందు. అభిమానులకు ఇది చేదుగా ఉంటుందేమో గానీ నాకు సంతోషం కలిగించింది. ఒక ఏడాది తేడాతో ఇద్దరు ఆడవాళ్లు ఇదే నేల మీద పూర్తి సంపుటాలు సిద్ధం చేశారంటే, ఆ కాలపు దక్కన్ గురించి అది ఒక్క ‘మొదటి స్త్రీ’ చెప్పగలిగేదానికంటే ఎక్కువే చెబుతుంది. బిరుదు కోసం రెండో పేరును దాచిపెడితే చందాకు గౌరవం పెరగదు.

ఆమె పాట ఎలా ఉండేది? అప్పటికి గొంతును పట్టి దాచే యంత్రం లేదు. ఉన్నది గురుపరంపర. తాన్‌సేన్ వంశంవాడినని చెప్పుకున్న ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ ఆమె సంగీత గురువు. 1800 ప్రాంతంలో ఆయన రాగాల మీద ‘రాగ్ దర్శన్’ అనే గ్రంథం హైదరాబాద్‌లో రాశాడు. గురువుకు రాగాల మీద ఇంత లోతైన శాస్త్రం ఉంటే శిష్యురాలి శిక్షణ ఏ స్థాయిదో అంచనా వేయొచ్చు. గొంతు తీరు మాత్రం అంచనాకు అందదు. ఇక్కడ మరో గాయకుణ్ని గుర్తుచేసుకోవాలి. పంజాబులోని కసూర్‌లో పుట్టిన బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు హైదరాబాద్‌లోనే గడిపి, 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన్ను ఖననం చేశారు. మీర్ ఆలం సమాధి కూడా అదే దాయిరాలో ఉంది. ఖాన్ సాహెబ్ ఠుమ్రీ రికార్డు పెట్టుకుని ఈ రాత్రి కూడా వినొచ్చు. చందా విషయంలో మనకున్నది కాగితం, రాయి, నీళ్లు మాత్రమే.

నీళ్లు అన్నది అడిక్‌మెట్ బావి గురించి. నిజాం ఆమెకు ఇచ్చిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇఫ్లూ ఉన్న నేల అది. అక్కడున్న పాత మెట్లబావిని మహలఖా బాయి బావి అంటారు. ఆమె నేల కాబట్టి ఆమె పేరు నిలిచిందనడం సబబు. ఆమే దగ్గరుండి తవ్వించిందనడం మాత్రం ఆధారం కంటే ఒక మెట్టు ముందుకు వెయ్యడం. యావదాస్తినీ దిక్కులేని ఆడపిల్లలకు రాసిచ్చిందనే మాటనూ నేను అలాగే, జీవితచరిత్రలు చెప్పే మాటగానే ఉంచుతాను. మగవేషంలో నిజాం వెంట దండయాత్రలకు వెళ్లిందన్న మాట కూడా అంతే.

ఈ జీవితచరిత్రల సంగతి కాస్త నిలిచి చూడాలి. గులాం హుసేన్ జౌహర్ రాసిన ‘మాహ్‌నామా’ ఆమె బతికుండగా, ఆమె ప్రోద్బలంతో వచ్చిన చరిత్ర. గులాం సందానీ గౌహర్ రాసింది ఆమె పోయిన చాలా ఏళ్లకు. మొదటివాడికి ఆమె తెలుసు, కానీ ఆమె ఇచ్చే కానుకలూ తెలుసు. రెండోవాడికి మొహమాటం లేదు, కానీ కళ్లతో చూసింది లేదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ప్రయోజనం. ఇంకో సంగతి కూడా కనబడుతుంది. గజళ్లను పుస్తకంగా కట్టింది ఆమే, చరిత్ర రాయించింది ఆమే, సమాధి కట్టించింది ఆమే. అంటే మనం ఆధారాలు అంటున్నవాటిలో చాలా భాగం ఆమె తన చేతుల్తో పేర్చిపెట్టుకున్నవే. తవాయఫ్ ఇంట, అంటే ఆటపాటలే వృత్తిగా ఉన్న ఇంట పుట్టిన మనిషికి వంశచరిత్ర రాసేవారుండరు. ఆ సంగతి ఎరిగి తన కోసం తానే చేసుకుంది. ఇందులో స్వోత్కర్ష ఉండొచ్చు. పరిశోధకుడు దాన్ని తీసేసి చదవాలి. కానీ ఆ తెలివికి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి.

తెలుగువారికి ఇలాంటి కథ కొత్త కాదు. తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రాసింది. వీరేశలింగం పంతులు అంతటివాడు ఆమెను తప్పుపట్టాడు. బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో దాన్ని పూర్తిగా అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పూనుకోవాల్సి వచ్చింది. అదే నాగరత్నమ్మ తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది. ఆమె సమాధీ అక్కడే ఉంది. ముద్దుపళని నేడు మన పాఠాల్లోకి, చర్చల్లోకి రాగలిగిందంటే మూలపాఠం ఒకరు చేతబట్టి అచ్చుకు ఇవ్వడమే కారణం. చందా గజళ్లకు తెలుగులో అలాంటి నాగరత్నమ్మ కావాలి. హిందుస్తానీ సంగీతాన్ని, ఉర్దూ రుచిని సామల సదాశివ మన భాషలో ఎంత చక్కగా చెప్పవచ్చో చూపించారు. ఆయన ‘స్వరలయలు’ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బాట ఉంది కాబట్టి, ఉర్దూ మూలం నుంచి నేరుగా, వివరణలతో అనువాదం చేయించడం విశ్వవిద్యాలయాలకు మోయలేని భారం కాదు. అందులోనూ ఆమె నేల మీదే నిలబడ్డ విశ్వవిద్యాలయాలకు అది బాకీ కూడా.

కిషన్‌బాగ్ వరకు నాది చిన్న కోరిక. చెరువు దగ్గర మీర్ ఆలం గురించి రాసే ఏ పలకమీదైనా ఆమె గురించి ఒక్క వాక్యం, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఆ వాక్యం రాసి చూశాను. మొదట ‘ఆ రాత్రి పాడి, ఆడి’ అని వచ్చింది. మాల్కం పుస్తకంలోని రాతలో ఉన్నది తేదీ ఒక్కటే. రాత్రి అని లేదు. కొట్టేశాను. ఆట అనే ఉంది, పాట అని లేదు. ఆమెను గాయనిగా ప్రేమించేవాణ్ని కాబట్టి ఆ మాట తీసేయడానికి మనసొప్పలేదు. అయినా తీసేశాను. చివరికి మిగిలింది ఇది: ఈ చెరువు కట్టించిన మీర్ ఆలం ఇంట్లో 1799 అక్టోబర్ 1న మహలఖా బాయి చందా ఆడింది, ఆట నడుమ తన గజళ్ల పుస్తకాన్ని అతిథికి కానుకగా ఇచ్చింది.