సేద్యము చేయు చీమలు – సూక్ష్మజీవులు

అమెజాన్ నదీప్రాంతమున పదునొకండు సంవత్సరములు సంచరించి కీటకములను సేకరించిన హెన్రీ బేట్స్ అను ఆంగ్లేయుడు 1863లో ప్రకటించిన తన గ్రంథమున ఒక రాత్రి జరిగిన ముచ్చట వ్రాసెను. ఎలుకలు కర్రపెండలపు పిండి బుట్టలను దోచుకొనుచున్నవని సేవకుడు వచ్చి ఆయనను నిద్ర లేపెనట. దీపము పట్టుకొని చూడగా అవి ఎలుకలు కావు, చీమలు. వేలకొలది చీమలు బారులు తీరి ఒక్కొక్క పలుకును మోసికొని పోవుచుండెను. చెక్క పాదరక్షలతో తొక్కి చంపినను మరునాటి రాత్రి మరల అంత దండు వచ్చెను. తుదకు వాని దారి పొడవున తుపాకిమందు పోసి నిప్పంటింపవలసి వచ్చినది. పలుమార్లు అట్లు చేసిన పిమ్మటగాని అవి వెనుకకు తగ్గలేదు.

ఇవి ఆకులను కత్తిరించు చీమలు. మన దేశమున లేవు. మామిడి తోటలలో ఆకులను కలిపి గూళ్లు కట్టు ఎర్రచీమలే యివి యని పాఠకులు భ్రమపడరాదు. మన చీమలు పురుగులను వేటాడి తోటకు మేలే చేయును. ఆకులు కత్తిరించు జాతులు అమెరికా ఖండములందే, సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగము మొదలు అర్జెంటీనా వరకు కానవచ్చును. ఒక్క రాత్రిలో నారింజ చెట్టును మోడు చేయగలవు.

ఇంతకును ఆ ఆకులెందులకు? పుట్టపై కప్పుగా పరచుకొనుటకే యని బేట్స్ తలచెను. నికరాగువాలో బంగారు గనుల నిర్వాహకుడుగా నున్న థామస్ బెల్ట్ పుట్టలను త్రవ్వి చూచి, 1874లో వేరొక మాట చెప్పెను. చీమలు ఆకులను తినుట లేదు. వానిని నమిలి ఎరువుగా వేసి, దానిపై ఒక విధమగు బూజును పెంచి, ఆ బూజును తినుచున్నవి. అనగా అవి సేద్యగాండ్రు! ఈ మాటను కొందరు నమ్మలేదు. 1893లో ఆల్ఫ్రెడ్ మెల్లర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్రెజిల్‌లో చేసిన పరిశీలనలచే అది స్థిరపడెను. కొత్త రాణి చీమ పుట్టినింటిని విడిచి ఎగిరిపోవునపుడు నోటిలో చిన్న బూజు ముద్దను దాచుకొని పోవునని ఆ దశకములోనే తెలిసినది. మన పల్లెలలో పెండ్లికూతురు ఒడిలో బియ్యము పోసి పంపు ఆచారము మాకు స్ఫురించినది.

బెల్ట్ పండితుడే కాదు, తోటమాలి కూడ. తన తోటను కాపాడుకొనుటకు పుట్టలలో కార్బాలిక్ ఆమ్లము పోయించెను. చీమల దారిలో పాదరసముతో చేసిన ఘోరవిషమును చల్లి, అవి పిచ్చెత్తి తమలో తాము కొట్టుకొని చచ్చుటను చూచెను. ఇరువదవ శతాబ్దమున మిరెక్స్ మొదలగు విషపు ఎరలు వచ్చినవి. చీమలు వానిని తామే మోసికొనిపోయి తోటలో పెట్టుకొనును. కాని మిరెక్స్ మట్టిలోను, జీవుల శరీరములోను ఏండ్ల తరబడి నిలిచిపోవు పదార్థము. 2001లో స్టాక్‌హోమ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక నిషేధింప నిశ్చయించిన తొలి పండ్రెండు విషములలో అదియు నొకటి.

మరి పురుగులను చంపు సూక్ష్మజీవులుండగా విషమేల యను ప్రశ్న సహజము. ఆ సూక్ష్మజీవుల చరిత్రయు విచిత్రమైనది. 1901లో జపానులో ఇషివాత అను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగులను హఠాత్తుగా కూల్చు రోగమునకు కారణమైన బాక్టీరియాను కనిపెట్టెను. అప్పుడది రైతునకు శత్రువు. 1911లో జర్మనీ దేశపు థురింజియాలోని పిండిమరకు చెందిన చిమ్మట పురుగులలో బెర్లినర్ అట్టిదానినే కనుగొని, 1915లో ఆ ప్రాంతపు పేరే పెట్టెను: బాసిలస్ థురింజియెన్సిస్. 1938లో ఫ్రాన్సులో దానిని మందుగా అమ్మిరి. దాని దేహములో నేర్పడు మాంసకృత్తు స్ఫటికమే పట్టుపురుగును చంపుచున్నదని 1954లో కెనడాలో ఆంగస్ నిరూపించెను. గొంగళిపురుగు దానిని మ్రింగినచో, క్షారగుణముగల దాని ప్రేగులో స్ఫటికము కరగి, ప్రేగు గోడను చీల్చును. మన తెలుగు పత్తిరైతులు ‘బీటీ’ యని పిలుచు విత్తనములోనిది ఈ బాక్టీరియా జన్యువే. మన దేశమున దానికి 2002లో అనుమతి దొరకెను.

రహస్యమంతయు ‘మ్రింగినచో’ అను మాటలో నున్నది. గొంగళిపురుగు ఆకు నమిలి మ్రింగును. చీమ అట్లు చేయదు. పెద్ద చీమలు ముఖ్యముగా ద్రవములనే త్రాగును. ఘన కణములను నోటిలోని చిన్న సంచిలో వడకట్టి, ఉండగా చేసి పారవేయును. తెచ్చిన ఆకును నాకి శుభ్రము చేయును, ఒకదానినొకటి నాకి శుభ్రపరచుకొనును, తోటలో కలుపు మొలచిన పీకివేయును. చెత్తకు వేరే గది. వీని కాపలా దాటి సూక్ష్మజీవి లోపలి పిల్లల వద్దకును, రాణి వద్దకును చేరవలెను. లక్షలాది కూలీలలో కొన్ని వేలు చచ్చినంత మాత్రమున పుట్టకు నష్టము లేదు. రాణి బ్రతికియున్న చాలును.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి 1999లో బయటపడినది. ఈ చీమల దేహముపై తెల్లని పూత వలె కనిపించునది ఒక బాక్టీరియా యనియు, బూజుతోటను పాడుచేయు పరాన్నజీవియగు మరియొక బూజును అణచు ఔషధమును అది తయారుచేయుననియు కెమెరాన్ కర్రీయు ఆయన సహచరులును ప్రకటించిరి. మనము పెన్సిలిన్‌ను 1928లో ఎరిగితిమి. ఈ చీమల వైద్యము అంతకు లక్షల ఏండ్ల ముందటిది!

ప్రయోగశాల గిన్నెలలో ఈ చీమలను చంపగలిగిన బాక్టీరియా రకములు లేకపోలేదు. కాని గిన్నెలో నున్నవి పది యిరువది చీమలు. పొలములోనిది భూమిలోపల బారల లోతున నున్న నగరము. ఆ నగరమంతయు నశించునట్లు చేయగల సూక్ష్మజీవి మందు రైతు చేతికింకను రాలేదు. అందుచేతనే 2009లో అదే ఒడంబడికలో పీ.ఎఫ్.ఓ.ఎస్. అను మొండి రసాయనపు జాతిని చేర్చి నిర్బంధించునపుడు, దానినుండి చేయు ఎరను ఈ ఆకులు కత్తిరించు చీమలపై వాడుకొనుటకు మాత్రము ప్రపంచ దేశములు ప్రత్యేకముగా అనుమతి వ్రాసికొనవలసి వచ్చెను.