నూటొక్క కుర్చీల ఇల్లు

విజయవాడ, రాజమండ్రి ప్లాట్‌ఫారాల మీద ఫలక్‌నుమా అంటే ముందు గుర్తొచ్చేది రైలు. సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్లే ఆ బండికి ఎక్స్‌ప్రెస్ అన్న తోక కూడా ఎవరూ తగిలించరు. "ఫలక్‌నుమా వెళ్లిపోయిందా?" అనే అడుగుతారు. హైదరాబాద్ పాతబస్తీ వాళ్లకు అదే పేరుతో ఒక పేట ఉంది, ఒక స్టేషన్ ఉంది, ఒక బస్ డిపో ఉంది. ఇన్నిటికి పేరిచ్చిన ఇల్లు మాత్రం చార్మినార్‌కు ఐదు కిలోమీటర్ల అవతల, కొండ నెత్తిన ఉంది. ఇప్పుడది తాజ్ వారి హోటల్. అక్కడ ఒక్క రాత్రి గడపడానికి ఈ ఊళ్లో చాలామంది నెల జీతం చాలదు.

డబ్బిచ్చి పడుకునే అతిథులు అక్కడికి రావడం 2010లో మొదలైంది. కానీ ఆ ఇంటి కథంతా మొదటినుంచీ అతిథుల కథే. కట్టించినవాడి చేయి జారిపోవడానికి కారణం ఒక అతిథి. దశాబ్దాలపాటు తాళాలు పడటానికి కారణం అతిథులు రాకపోవడం. మళ్లీ దీపం వెలగడానికి కారణమూ అతిథులే.

కట్టించినవాడు నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా. నిజాం తర్వాత అంతటి వంశంగా పేరుపడ్డ పాయిగా అమీర్లలో ఒకడు. చరిత్ర పుస్తకాల్లో పాయిగా అని, ఊళ్లో బోర్డుల మీద పైగా అని కనిపించే మాట ఇదే. నిజాం సొంత బలగాన్ని పోషించే బాధ్యత ఆ వంశానిది. అందుకు బదులుగా దక్కినవి జాగీర్లు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అక్కగారిని పెళ్లాడి వికార్-ఉల్-ఉమ్రా ఆయనకు బావగారయ్యాడు. 1890లలో హైదరాబాద్ రాజ్యానికి ప్రధాని కూడా అయ్యాడు. వికారాబాద్ ఊరికి పేరు వచ్చింది ఆయన మీదుగానే. ఇప్పుడు అది జిల్లా పేరు కూడా.

జాగీర్లంటే పల్లెలు. పల్లెలంటే శిస్తు. కొండ మీద పరిచిన ఇటలీ పాలరాయి వెనక వాన కోసం ఆకాశం కేసి చూసిన రైతులు ఉన్నారు. ఫలక్‌నుమా అన్న ఉర్దూ పేరుకు ఆకాశాన్ని చూపే అద్దమని ఒక అర్థం చెబుతారు. ఆ ఇంటి అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ రైతుల ఆకాశాన్ని కూడా తలుచుకోవాలి. తలుచుకున్నంత మాత్రాన అందం తగ్గదు, లెక్క సరిపోతుంది.

1884 ఫిబ్రవరి 5న, పద్దెనిమిదో ఏడు నడుస్తున్న మహబూబ్ అలీ ఖాన్‌కు వైస్రాయ్ రిప్పన్ చేతుల మీదుగా పూర్తి పాలనాధికారం వచ్చింది. నెల తిరక్కుండానే, మార్చి 3న, కోహ్-ఎ-తూర్ అని పిలిచే గుట్ట మీద ఫలక్‌నుమాకు పునాదిరాయి పడింది. తూర్ అంటే మూసా ప్రవక్తకు దైవదర్శనమైన కొండ. పనులు తొమ్మిదేళ్లు సాగాయి. పైనుంచి చూస్తే ఇల్లు తేలు ఆకారంలో ఉంటుంది. నవాబుగారిది వృశ్చిక రాశి కాబట్టి అలా కట్టించారని అంటారు. ఉత్తరం వైపు రెండు డెక్కల్లా చాచిన రెక్కలు, మధ్యలో అసలు భవనం, దక్షిణంగా తోకలా సాగిన వంటశాలలు, ఆడవాళ్లుండే జనానా, చిట్టచివర గోల్ బంగ్లా.

ముందుభాగమంతా వచ్చేవాళ్ల కోసమే. అడుగు పెట్టగానే బొమ్మలు గీసిన కప్పు, పాలరాతి ఫౌంటెన్. అక్కడినుంచి పైకి తీసుకెళ్లే మెట్లకు రెండు పక్కలా పాలరాతి శిల్పాలు, గోడల మీద వరసగా పటాలు. గ్రంథాలయం కప్పు చెక్కడపు చెక్క. ఇంగ్లండ్ రాజవంశపు విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని చూసి చేయించారంటారు. హాళ్లలో ఆస్లర్ కంపెనీ గాజు షాండ్లియర్లు వేలాడుతుంటాయి. వాటిలో ఒక్కోదానికి 138 కొమ్మలు.

అన్నిటికన్నా నిలబడి చూడవలసింది భోజనశాల. అక్కడ ఉన్నది ఒకే ఒక్క బల్ల. పొడవు 108 అడుగులు. చుట్టూ నూటొక్క కుర్చీలు, వాటికి ఆకుపచ్చ తోలు. ఈ చివర కూర్చున్నవాళ్లకు ఆ చివరివాళ్ల ముఖాలు ఆనవు, కానీ మాట వినిపిస్తుంది. ఒక కొసన మెల్లగా అన్న మాట రెండో కొసకు చేరేలా గది కట్టారని అక్కడివాళ్లు చూసేవాళ్లకు చెబుతారు, కొందరు అక్కడికక్కడే పరీక్ష కూడా పెట్టుకుంటారు. రాజసం చూపాలంటే సింహాసనం ఎత్తు పెంచవచ్చు. ఈ నవాబు బల్ల పొడవు పెంచాడు. ఎంత గొప్పవాడో ఎంతమందికి భోజనం పెట్టగలడన్న దాన్ని బట్టి తెలిసే రోజులవి, హైదరాబాద్‌లో దేవిడీలనే అమీర్ల భవనాలన్నిటిలో నడిచిన లెక్క అదే.

ఆ లెక్కే ఆయనను ముంచింది. ఇంటికి నలభై లక్షల రూపాయలు అయ్యాయని చెబుతారు. అప్పటి నలభై లక్షలు! పాయిగా ఖజానాకు కూడా అది మోయలేని బరువు. అప్పులు చేశాడు. ఇక్కడినుంచి హైదరాబాద్‌లో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. దారి చూపింది బేగంగారట. నిజాంను భోజనానికి పిలవమంది. మహబూబ్ అలీ ఖాన్ వచ్చాడు, ఇల్లు చూశాడు, రాత్రికి ఉండిపోయాడు. రోజు వారమైంది, వారం నెలైంది, కదిలే సూచన లేదు. ప్రభువుకు నచ్చిన వస్తువు తన దగ్గర ఉంచుకోవడం అమీరుకు మర్యాద కాదు కదా. వికార్-ఉల్-ఉమ్రా ఇంటిని నజరానాగా సమర్పించుకున్నాడు. ఊరికే తీసుకోవడం ప్రభువుకూ మర్యాద కాదు కాబట్టి నిజాం డబ్బు ముట్టజెప్పాడు. కథలో పోపు పడి ఉంటే పడి ఉండవచ్చు, 1897 ప్రాంతంలో ఇల్లు నిజాం చేతికి వెళ్లిన మాట మాత్రం నిజం. కట్టడం పూర్తయ్యాక నవాబు అందులో ఉన్నది నాలుగైదేళ్లు.

నిజాంకు ఉండటానికి పురానీ హవేలీ ఉంది, కొలువుకు చౌమహల్లా ఉంది. ఫలక్‌నుమా రాజ్యానికి అతిథిగృహమైంది. యువరాజుగా ఉన్నప్పుడు ఐదో జార్జి 1906లో భార్య మేరీతో వచ్చి ఇక్కడ దిగాడు. వైస్రాయ్‌లు దిగారు. మహబూబ్ అలీ ఖాన్ ప్రాణం పోయింది కూడా ఈ ఇంట్లోనే, 1911 ఆగస్టు 29న. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందని నమ్మిన జనం ఉన్న కాలం అది. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ అంటున్నప్పుడల్లా తెలంగాణ ఆ పేరునే పలుకుతోంది.

కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు కింగ్ కోఠీ చాలింది. కొండ మీది ఇల్లు పెద్దవాళ్లు వచ్చినప్పుడు తెరుచుకునేది, వెళ్లాక మూసుకునేది. 1948లో రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. బల్లకు కూడు పెట్టిన శిస్తు ఆగిపోయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి ఉన్నారు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ అతిథి ఎవరూ ఆ మెట్లెక్కలేదు. దాదాపు యాభై ఏళ్లు.

అదే కాలంలో దేశమంతా రాజభవనాలకు దిక్కుతోచలేదు. జైపూర్ మహారాజు ముందే గ్రహించి 1957లో రాంబాగ్‌ను హోటల్ చేశాడు. ఉదయపూర్ మహారాణా 1963లో సరస్సు మధ్య మహలుకు అదే దారి చూపాడు. 1971లో రాజభరణాలు రద్దవడంతో ఆ దారి పట్టినవాళ్లు పెరిగారు. తెలుగునాట మాత్రం కోటలు ఎక్కువగా బళ్లయ్యాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ అయ్యింది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ వెలిసింది, విజయనగరం కోటలో చదువులు సాగుతున్నాయి. దొరలు నడిచిన వరండాల్లో రైతుబిడ్డలు పుస్తకాలు పట్టుకుని నడిచారు. హోటల్ కావడం కన్నా అది ఎంతో గొప్ప మలుపు. కానీ సున్నం రాలితే పూయించేందుకు కాలేజీ ఫీజు ఏ మూలకు?

హైదరాబాద్ దేవిడీల్లో చాలావాటికి బడీ దక్కలేదు, హోటలూ దక్కలేదు. పాయిగాల్లోనే మరో శాఖవాడైన ఆస్మాన్‌జా కట్టిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు, పేరు మాత్రం బస్సుల మీద తిరుగుతోంది. సాలార్‌జంగుల దివాన్ దేవిడీకి గుర్తుగా మిగిలినవి దర్వాజాలు. చెక్క చెక్కడాలకు పేరుపడ్డ మాల్వాలా ప్యాలెస్‌ను 2000లో పడగొట్టారు. ఎర్రమంజిల్ ఒక్కటి అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. స్వర్గమన్న అర్థంలో నవాబు ఫక్రుల్‌ముల్క్ ఇరం మంజిల్ అని పెట్టుకుంటే, ఎరుపు రంగు చూసి జనం దాన్ని చక్కగా తెలుగు చేసేసుకున్నారు. దాన్ని కూల్చి అసెంబ్లీ కడతామన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది.

మాల్వాలా కూలిన 2000లోనే ఫలక్‌నుమా పని మొదలైంది. ఏడో నిజాం మనవడు ముకర్రమ్ జా ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం నడిపి, అప్పులతో, కోర్టు తగాదాలతో నలిగిపోయి ఉన్నాడు. ఆయన మొదటి భార్య, టర్కీ దేశస్థురాలు ఎస్రా జా, విడాకులై ఇరవై ఏళ్లు దాటాక తిరిగి వచ్చి ఆస్తుల చిక్కుముడులు విప్పే బాధ్యత నెత్తిన వేసుకుంది. చౌమహల్లాను మ్యూజియంగా జనానికి తెరిపించింది. ఫలక్‌నుమాను తాజ్‌కు లీజుకిచ్చి, బాగుచేతను దగ్గరుండి చూసుకుంది. కట్టడానికి తొమ్మిదేళ్లు పట్టిన ఇంటిని తిరిగి నిలబెట్టడానికి పదేళ్లు పట్టింది. ఈ కథలో నవాబు బల్లకు దక్కినంత పేరు ఆమె ఓపికకు దక్కలేదు, దక్కాలి.

2010 నవంబర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు అరవై గదులున్నాయి. గేటు దగ్గర కారు దిగితే గుర్రబ్బండి మీద పైకి తీసుకెళ్తారు, మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకలు చల్లుతారు. ముందు హాళ్లు చూడటానికీ, విందులకూ. పడకగదులు వెనక, ఒకప్పటి జనానా వైపు, తోట చుట్టూ. 2017 నవంబర్ 28న ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చింది ఆ నూటొక్క కుర్చీల బల్ల మీదే. రాత్రి ఉండే స్తోమత లేనివాళ్లు ముందుగా బుక్ చేసుకుని సాయంత్రం టీ తాగి, ఇల్లు చూసి రావచ్చు. అదీ చవకేం కాదు. కొండ కిందే పుట్టి, ఆ ఇంటి దీపాలు చూస్తూ ముసలైనవాళ్లు ఎందరో పైకి వెళ్లి చూసిందే లేదు. వాళ్ల కోసం నెలకొక్క పూట తలుపు తీస్తే బల్ల అరిగిపోదు.

కట్టించిన వికార్-ఉల్-ఉమ్రా మాత్రం అక్కడికి కొద్ది దూరంలోనే, సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండలోని పాయిగా సమాధుల్లో తన వాళ్ల మధ్య ఉన్నాడు. అక్కడ ఇటలీ రాయి హడావుడి లేదు. ఈ ఊరి పనివాళ్లు గచ్చుతో అల్లిన జాలీలున్నాయి, ఒక గోడ మీది అల్లిక ఇంకో గోడ మీద ఉండదు. మధ్యాహ్నం పొద్దు వాలేటప్పుడు ఆ జాలీల నీడలు సమాధుల మీద సన్నటి పూలలా పరుచుకుంటాయి. గేటు బయట గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, బంతి లోపల పడితే గోడ దూకి తెచ్చుకుంటారు.