నలభై దాటాక టెస్టోస్టెరాన్ తగ్గితే: సూదికి ముందు తేల్చుకోవలసినవి

సోలాపూర్‌లోనో భివండీలోనో ఇరవై ఏళ్లుగా పవర్‌లూమ్ మీద పనిచేస్తున్న 46 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. పొట్ట వచ్చింది, షుగర్ ఉంది, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఏడాదిగా ఒంట్లో సత్తువ లేదు, భార్య దగ్గరికి వెళ్లాలన్న కోరిక లేదు. డాక్టర్‌కు మరాఠీలో చెప్పుకోవాలి. బేరసారాలన్నీ మరాఠీలోనే చేసే మనిషికి ఈ ఒక్క మాట నోటికి రాదు. "కమజోరీ" అని ఊరుకుంటాడు. బలానికని ఒక విటమిన్ సూది వేయించుకుని ఇంటికొస్తాడు.

హోసూరులో అయితే ఆ మాట "నరంబు తళర్చి", కోలారులో "నరదౌర్బల్య", మన ఇళ్లలో "నరాల బలహీనత". ఏ భాషలో అన్నా అసలు సంగతిని దాచే మాటే. దాచినందువల్ల కొందరికి అసలు జబ్బు బయటపడదు. మరికొందరు పరీక్షలు లేకుండానే లాడ్జీలో కూర్చునే "స్పెషలిస్టు" దగ్గరో, జిమ్ స్నేహితుడి మాట మీదో హార్మోన్ సూది వేయించుకుంటారు. ఈ రెండోది కొన్నిసార్లు పిల్లలు పుట్టే దారినే మూసేస్తుంది. అందుకే ఈ విషయాన్ని మేము వరుసగా వివరిస్తున్నాం. ముందు పరీక్ష, తర్వాత కారణం, ఆ తర్వాత పిల్లల మాట. ఏ మందు అన్నది చివరి ప్రశ్న.

తగ్గిందని ఎప్పుడు అనాలి?

టెస్టోస్టెరాన్ వృషణాల్లో తయారవుతుంది. తయారుచేయమని మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఆదేశిస్తుంది. ముప్పై, నలభై దాటాక ఏటా నూటికి ఒకటి రెండు వంతులు తగ్గడం సహజం. అది జబ్బు కాదు.

రక్తంలో ఇది ఉదయం ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది. కాబట్టి పరగడుపున, ఉదయం పది గంటలలోపే రక్తం ఇవ్వాలి. రాత్రి షిఫ్టు చేసేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వారికి నిద్ర లేచే వేళను బట్టి సమయం నిర్ణయిస్తారు. జ్వరంలో ఉన్నప్పుడు చేయించకూడదు. ఒకసారి తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చేయించాలి, ఎందుకంటే రెండోసారి మామూలుగా వచ్చేవారు చాలామందే ఉంటారు. అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాములను హద్దుగా పెట్టుకుంది. మీ ల్యాబ్ నానోమోల్ లెక్కలో ఇస్తే అది లీటరుకు సుమారు 10.4.

అంకె ఒక్కటే చాలదు, లక్షణాలూ ఉండాలి. కోరిక తగ్గడం, తెల్లవారుజామున అంగస్తంభన లేకపోవడం, గడ్డం పలచబడటం, ఎముక బలహీనపడటం ముఖ్యమైనవి. నీరసం, చిరాకు, మతిమరుపు వంటివి నిద్ర లేకపోయినా, థైరాయిడ్ ఉన్నా, రక్తం తక్కువైనా, మనసు కుంగినా వస్తాయి. యూరప్‌లోని ఎనిమిది నగరాల్లో 40-79 ఏళ్ల మగవారిని పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనంలో లైంగిక లక్షణాలూ తక్కువ అంకే రెండూ కలిసి ఉన్నవారు నూటికి ఇద్దరే.

కారణం వెతకాలి

రెండుసార్లూ తక్కువ వస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు చేస్తారు. అవి ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లో ఉంది. పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాయడం, కీమోథెరపీ, పుట్టుకతో వచ్చిన క్రోమోజోమ్ తేడా వంటివి దీనికి కారణాలు. అవి తక్కువగానో మామూలుగానో ఉంటే లోపం పైనుంచి, అంటే పిట్యూటరీ వైపు నుంచి వస్తోంది. అప్పుడు ప్రొలాక్టిన్ కూడా చూడాలి. పిట్యూటరీలో ప్రొలాక్టిన్ తయారుచేసే చిన్న గడ్డ ఉంటే చాలామందికి మాత్రలతోనే నయమవుతుంది, టెస్టోస్టెరాన్ కూడా తిరిగి పెరగవచ్చు. తలనొప్పి, పక్క చూపు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకండి.

నడివయసులో ఎక్కువగా కనిపించే కారణాలు ఊబకాయం, షుగర్, గురకతో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, మద్యం. నొప్పులకు దీర్ఘకాలం వాడే ట్రమడాల్ వంటి మందులు, ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు, జిమ్‌లో తీసుకునే కండల సూదులు కూడా తగ్గిస్తాయి. వాడే మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.

అంగస్తంభన సరిగా లేకపోవడానికి చాలాసార్లు కారణం హార్మోన్ కాదు, రక్తనాళాలు. గుండెజబ్బుకు అది ముందస్తు సూచన కావచ్చు. కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోవాలి.

పిల్లలు ఇంకా కావాలా?

మందు మాట ఎత్తకముందే భార్యాభర్తలు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. ఆలస్యంగా పెళ్లైనవారికి, రెండో పెళ్లి చేసుకున్నవారికి మరీ ముఖ్యం.

బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే పిట్యూటరీ "సరిపడా ఉంది" అనుకుని ఆదేశాలు ఆపేస్తుంది. వృషణాలు పని తగ్గించి చిన్నవవుతాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఈ గుణాన్నే గర్భనిరోధానికి వాడవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం చేయించింది. వారం వారం 200 మిల్లీగ్రాముల సూది తీసుకున్నవారిలో సగానికి పైగా వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయని 1990లో ప్రకటించారు. ఆపేశాక చాలామందికి నెలల్లో తిరిగి వస్తాయి. కొందరికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. "మగతనం పెంచే సూది" పిల్లల్ని ఇస్తుందనుకుని వేయించుకోవడం, కావలసినదానికి సరిగ్గా ఎదురు దారిలో నడవడమే.

పిల్లలు కావాలనుకునేవారికి, లోపం పిట్యూటరీ వైపు ఉంటే, క్లోమిఫిన్ మాత్రలు, హెచ్‌సీజీ సూదులు వంటి మార్గాలున్నాయి. ఇవి వృషణాలనే పని చేయిస్తాయి. నిపుణుడి పర్యవేక్షణలోనే వాడాలి.

ఉన్న మార్గాలు

*మందు లేకుండా:* లోపం స్వల్పమై బరువు, నిద్ర, మద్యం కారణాలైతే మొదటి మార్గం ఇదే. బరువు తగ్గినకొద్దీ అంకె పెరుగుతుంది. స్లీప్ ఆప్నియాకు, షుగర్‌కు వైద్యం ఎలాగూ అవసరమే.

*జెల్:* రోజూ ఉదయం భుజాలకు రాసుకోవాలి. హెచ్చుతగ్గులు తక్కువ, ఆపడం తేలిక. అయితే రాసిన చోటు తగిలితే భార్యకు, పిల్లలకు అంటుకుంటుంది. చిన్నపిల్లలకు వయసుకు ముందే యుక్తవయసు లక్షణాలు రావడంతో అమెరికా ఔషధ సంస్థ 2009లో గట్టి హెచ్చరిక పెట్టించింది. ఒకే గదిలో అందరూ పడుకునే ఇళ్లలో ఇది ఆలోచించవలసిన సంగతి.

*రెండు మూడు వారాల సూది:* ఖర్చు తక్కువ. వేసిన కొత్తలో హుషారు, గడువు దగ్గరపడేసరికి నీరసం. రక్తం చిక్కబడటం దీనితోనే ఎక్కువ. కొన్ని రకాల్లో వేరుశెనగ నూనె ఉంటుంది. అది పడనివారు చెప్పాలి.

*దీర్ఘకాల సూది:* టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్ 1000 మిల్లీగ్రాములు. రెండోది ఆరు వారాలకు, తర్వాత 10-14 వారాలకొకటి. ధర ఎక్కువ. తేడా చేస్తే వెంటనే వెనక్కి తీయలేం.

*గొట్టాలు:* అన్‌డెకనోయేట్ క్యాప్సూల్స్ కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడతాయి. పాతకాలపు మిథైల్ టెస్టోస్టెరాన్ మాత్రలు కాలేయానికి హాని, వద్దు.

ఎవరికి కూడదు?

ప్రొస్టేట్ లేదా రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి, పీఎస్‌ఏ ఎక్కువగా ఉండి కారణం తేలనివారికి, రక్తం ఇప్పటికే చిక్కగా ఉన్నవారికి, గత ఆరు నెలల్లో గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారికి, గుండె వైఫల్యం అదుపులో లేనివారికి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి, వైద్యం చేయించుకోని తీవ్ర స్లీప్ ఆప్నియా ఉన్నవారికి ఇవ్వరు.

గుండె గురించి భయం చాలాకాలంగా ఉంది. గుండెజబ్బు లేదా దాని ముప్పు ఉన్న సుమారు 5,200 మందిపై అమెరికాలో జరిపి 2023లో వెలువరించిన ట్రావెర్స్ అధ్యయనంలో జెల్ వాడినవారికి గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంత ఎక్కువగా కనిపించాయి. భయపడి పారిపోనక్కరలేదు, పర్యవేక్షణ లేకుండా వాడనూ కూడదు.

మొదలుపెట్టాక

మూడు నుంచి ఆరు నెలలకు హార్మోన్ స్థాయి, హెమటోక్రిట్, పీఎస్‌ఏ చూడాలి. ఏడాదికి మళ్లీ, తర్వాత ఏటా. హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపాలి. కోరిక కొద్ది వారాల్లోనే మెరుగుపడాలి. ఆరు నెలలైనా, అంకె సరిగా ఉండి కూడా తేడా లేకపోతే ఆపేయడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. సొంతంగా మోతాదు పెంచవద్దు.

డాక్టర్ దగ్గర

ఎండోక్రైనాలజిస్టునో యూరాలజిస్టునో కలవాలి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మెడిసిన్ ఓపీ నుంచి మొదలుపెట్టవచ్చు. బరంపురం వాళ్లకు ఎంకేసీజీ, యానాం వాళ్లకు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. లైంగిక శక్తి పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడ మీద అలాంటి రాత కనిపిస్తే ఆ దారి పోకండి.

స్థానిక భాష బాగా వచ్చని కొడుకునో కూతురినో వెంట తీసుకెళ్లడం మన ఇళ్లలో అలవాటు. ఈ పనికి అది వద్దు. వాళ్ల ముందు మీరు నోరు విప్పలేరు. భార్యాభర్తలు కలిసి వెళ్లండి. పరీక్షల పేర్లు అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే. ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి:

1. రెండు ఉదయం పరీక్షలూ తక్కువే వచ్చాయా?
2. లోపం వృషణాల్లోనా, పిట్యూటరీలోనా?
3. ఈ మందు వాడితే పిల్లలు పుట్టే అవకాశం ఏమవుతుంది?
4. ఎప్పుడు చూసి, ఏ కారణంతో ఆపుతాం?

"బలహీనత" అన్న మాట పక్కనపెట్టి "కోరిక తగ్గింది", "స్తంభన రావడం లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గు ఆ ఒక్క నిమిషమే. ఆ నిమిషం దాటితేనే సరైన వైద్యం మొదలవుతుంది.