కొయ్యలో నిలిచిన దేవాలయము

క్రిస్మస్ దగ్గరపడగానే మన గుడి ఆవరణములో పిల్లలు వెదురుబద్దలు, వరిగడ్డి, రంగుకాగితములతో పశువులపాక కట్టుట మనమెరిగినదే. పండుగ వెళ్లగానే దానిని విప్పివేస్తాము. కాని చిన్న కట్టడములను తరతరాలు దాచుకొనదగినట్లుగా చేసిన పనివారు ప్రభువు జన్మించిన బెత్లెహేములోనే ఉండిరి.

17, 18 శతాబ్దములలో యెరూషలేము యాత్రకు వెళ్లిన కలవారు పరిశుద్ధ సమాధి దేవాలయపు కొయ్య నమూనాలను జ్ఞాపకార్థము ఐరోపాకు తీసుకొనిపోయేవారు. వాటిని ఒలీవ కర్రతో చేసి, ముత్యపుచిప్పతోను ఎముకతోను పొదిగేవారు. పైకప్పు ఊడదీస్తే లోపలి స్తంభములు, సమాధి గృహము కనబడేవి. ఇంతటి వివరము చూపుమాత్రముతో వచ్చేది కాదు గదా! బెర్నార్డినో అమీకో అను ఫ్రాన్సిస్కను సన్యాసి ఆ పుణ్యస్థలములను కొలిచి పటములు గీసెను. ఆ గ్రంథపు రెండవ ముద్రణ 1620లో ఫ్లారెన్సులో వెలువడినది. నమూనాలకు ఆ పటములే ఆధారమని పండితుల అభిప్రాయము.

1808లో ఆ దేవాలయములో అగ్నిప్రమాదము జరిగినది. గోపురము కూలినది, సమాధి గృహము పాడైనది. 1810 నాటికి కొత్త గృహము కట్టిరి. పాతది ఎట్లుండెనో తెలుసుకొనుటకు నేడు ఆ నమూనాలనూ చూడవలసివచ్చుచున్నది. ముచ్చటపడి కొన్న బొమ్మ సాక్ష్యమైనది.

నేనెరిగిన ఒక డెల్టా గ్రామములో పాత పెంకుటిల్లు గుడిని తీసివేసి కాంక్రీటు గుడి కట్టిరి. పాతదానికి మిగిలినది ఒక పెండ్లి ఫోటో వెనుక కనబడు అర గోడ. గంట ఎక్కడ వ్రేలాడేదని అడిగితే ముగ్గురు పెద్దలు మూడు చోట్లు చెప్పిరి.

మనకు పనివారు లేరా? 19వ శతాబ్దములో మిషనరీల వలన వచ్చిన లేసు అల్లికను నరసాపురము స్త్రీలు సముద్రములు దాటించిరి. పొరుగున కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, భాగములుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి రంగులు వేస్తారు. పూరిండ్లు, తాటిచెట్లు చేసే ఆ చేతులకు గుడి కష్టము కాదు. మనమివ్వవలసినది కొలతలు. వచ్చినవారికి పూతరేకులతోపాటు అదికూడ ఇవ్వవచ్చును. పూతరేకులు ఇల్లు చేరకముందే అయిపోవును!

కొలుచుటకు టేపు ఒకటి, యువజనులిద్దరు చాలును. గంటస్తంభము ఎక్కనక్కరలేదు. ఎండవేళ దాని నీడను, పక్కనే నిలిపిన కర్రను, ఆ కర్ర నీడను కొలిస్తే ఎత్తు లెక్కకు వచ్చును.