వరిబీజం: పంచెచాటు వ్యాధి

ఇంట్లో చెప్పుకోలేని వ్యాధులలో వరిబీజం ఒకటి. మా గోదావరి డెల్టాకు ఇది చిరపరిచితం. అత్తిలి, భీమవరం ప్రాంతాలలో బోదకాలు ఎవరికైనా కనబడుతుంది. ఆ క్రిమి వల్లనే పురుషుల వృషణాల చుట్టూ నీరు చేరితే మాత్రం దానిని పంచె దాచిపెడుతుంది. ఏళ్ళు గడచినకొద్దీ అది పెరుగుతుంది. నడక భారమవుతుంది, ముదిరితే మూత్రవిసర్జనకూ దాంపత్యానికీ ఆటంకమవుతుంది. అయినా ఆ పెద్దమనిషి దానిని ముసలితనం ఖాతాలో వేసి ఊరుకుంటాడు.

మన ప్రాచీన వైద్యులకు ఈ బిడియం లేదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలోని 12వ అధ్యాయం వృద్ధిని, ఉపదంశాన్ని, శ్లీపదాన్ని ఒకేచోట వివరిస్తుంది. శ్లీపదమంటే బోదకాలు. వృద్ధి భేదాలలో మూత్రవృద్ధి ఒకటి. నడిచేటప్పుడు నీరు నిండిన తోలుతిత్తి వలె కదలడం దాని లక్షణం. మూత్రాన్ని ఆపుకొనే అలవాటు వల్ల వస్తుందని వారు భావించారు. అది సరికాదు, అక్కడ చేరేది మూత్రమూ కాదు. చికిత్స మాత్రం గమనార్హం. వ్రీహి అంటే వడ్లు. వడ్లగింజ వంటి మొన గల వ్రీహిముఖమనే శస్త్రంతో పొడిచి, గొట్టం అమర్చి నీరు తీసి, కట్టు కట్టమన్నారు.

అసలు కారణానికి దారి చూపినది 1877. ఆ యేడు చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ ఫైలేరియా క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందని కనుగొన్నాడు. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ మన ప్రాంతంలో దాని వాహకం.

ఇక మందు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్ళారు, మరల స్వదేశం చూడలేదు. ద్వితీయ ప్రపంచ సంగ్రామంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. లెడర్లీ సంస్థలో సుబ్బారావుగారి నాయకత్వాన జరిగిన పరిశోధన ఫలితంగా 1947లో హెట్రజాన్ వెలువడింది. మరుసటి యేడే ఆయన కన్నుమూశారు. మన దేశంలో 2004 నుండి ఫైలేరియా పీడిత జిల్లాలలో ఇంటింటికీ పంచిన డీ.ఈ.సీ. మాత్రలు ఆ మందే. అత్తిలి పొరుగున పుట్టిన బిడ్డ సముద్రాలకావల చేసిన కృషి, మాత్రగా మన గుమ్మంలోకి వచ్చిందన్నమాట!

అయితే ఒక్కమాట. ఆ మాత్ర రక్తంలోని క్రిమి పిల్లలను చంపి, వ్యాధి ఇతరులకు పాకకుండా ఆపుతుంది. ఏళ్ళ తరబడి పెరిగిన వరిబీజాన్ని అది కరిగించలేదు. సూదితో నీరు తీస్తే మళ్ళీ చేరుతుంది. శస్త్రచికిత్సే నివారణ, అదీ పెద్ద ఆపరేషన్ కాదు. పైగా ఆ భాగంలో వాపు వరిబీజమే కానక్కరలేదు. గిలక కావచ్చు, గడ్డ కావచ్చు. అది చూసి తేల్చవలసినవాడు వైద్యుడు.

కారణం తెలిసింది, మందు వచ్చింది, శస్త్రం ఉన్నది. మిగిలినది సిగ్గు ఒక్కటే. దానికి మాత్ర లేదు. ఇంట్లో తాతగారో, నాన్నగారో కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే, వయసు మీద పడిందని సరిపెట్టుకోక మెల్లగా అడిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అడగకపోతే వారంతట వారు చెప్పరు.