కోనసీమలో ఉపవాసం, రక్తపోటు, ఔషధం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉపవాసంతో రక్తపోటు తగ్గుతుందనీ, మందులు తగ్గించుకోవచ్చనీ ఇటీవల విస్తృతంగా ప్రచారమవుతోంది. గోదావరి డెల్టాలోని కోనసీమకు ఉపవాసం కొత్త కాదు. అక్కడి వ్రతాచారంలో భోజనవేళకు, ఉప్పుకు, ఔషధానికి వేర్వేరు నియమాలు ఉన్నాయి. ఆ ఆచారాన్ని, తెలుగునాట ప్రకృతివైద్య చరిత్రను, రక్తపోటు కొలత చరిత్రను పక్కపక్కన ఉంచి, నేటి ప్రచారం ఈ నియమాల్లో దేనిని నిలుపుకొన్నదో, దేనిని విడిచిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కోనసీమ, ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, రక్తపోటు, ఉప్పు, ప్రకృతివైద్యం.

1. ఉపోద్ఘాతం:
గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న కోనసీమ తిండికి పేరుపడిన నేల. 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట, ఆ వెంటనే వైనతేయ మీదుగా రాజోలు వైపు నీరు తీసుకువెళ్లిన గన్నవరం అక్విడక్టు నిర్మాణం జరిగాయి. కొబ్బరితోటల పక్కన వరిచేలు విస్తరించాయి. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళకాని వేళ కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) ఈ ప్రాంతానికి ప్రతీకగా నిలిచారు. తరువాతి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు.

అన్నదానం ఇంత ఘనంగా ఉన్నచోటే అన్నం మానే రోజులకూ అంతే గౌరవం ఉంది. కార్తీక సోమవారాల్లో ముక్తేశ్వరం, మురమళ్ళ, కొత్తపేట దగ్గరి పలివెల శివాలయాలకు భక్తులు ఉపవాసంతో వెళతారు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం జరిగేది మాఘ శుద్ధ ఏకాదశినాడు. అంటే సముద్రతీరంలో అంత పెద్ద జనసమూహం చేరేది కూడా ఉపవాసదినానే. కనుక తిండికి విరామం ఇవ్వడం వల్ల దేహానికి మేలు జరుగుతుందన్న మాట ఇక్కడివారికి వింతగా తోచదు. అది సులభంగా నమ్మకం కలిగించడానికీ, కొన్నిసార్లు ప్రమాదానికి దారితీయడానికీ కారణం ఆ పరిచయమే.

2. వ్రతాచారంలో మూడు నియమాలు:
మొదటిది వేళ. పగటి సగభాగం గడిచాక ఒక్కసారి తినడం ఏకభుక్తం. పగలంతా ఉండి, చుక్కలు కనిపించాక తినడం నక్తం. ఆ దినమంతా భోజనం మానడం ఉపవాసం. శక్తి ఉన్నవారికి ఉపవాసం, లేనివారికి నక్తం, అదీ చేతకానివారికి ఏకభుక్తం అన్న వెసులుబాటు ఈ క్రమంలోనే ఉంది.

రెండవది ఉప్పు. ధర్మశాస్త్రాలు నియమదినాల ఆహారాన్ని చెప్పేటప్పుడు ‘అక్షారలవణం’ అన్న మాట వాడతాయి. అంటే కారపు, ఉప్పు పదార్థాలు లేని భోజనం. వడపప్పు, పానకం, చలిమిడి, అరటిపండు, కొబ్బరి, పాలు వంటి వాటిలో ఉప్పు వేయరు. అయితే ‘ఫలహారం’ అన్న మాటకు వాడుకలో అర్థం మారింది. పండ్ల ఆహారమన్నది పోయి, అన్నం కానిదల్లా ఫలహారమైంది. ఉపవాసమని ఉప్మా, ఇడ్లీ, అట్టు తినే ఇళ్లలో పచ్చడితోపాటు ఉప్పు కూడా విస్తరిలోకి తిరిగివచ్చింది. అన్నం మానినా ఉప్పు మానలేదన్నమాట.

మూడవది ఔషధం. మహాభారతం ఉద్యోగపర్వంలో, విదురనీతి భాగంలో, వ్రతభంగం కలిగించని ఎనిమిదింటి జాబితా ఉంది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం ఆ ఎనిమిది. మందు వేసుకుంటే వ్రతం చెడదని శాస్త్రమే చెప్పింది. రంజాను ఉపవాసం విషయంలో ఖురాను రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఇచ్చి, ఆ రోజులను తరువాత పూర్తిచేసుకోమంటుంది. ఉపవాసం కోసం మందు మానాలన్న భావన ఈ రెండు సంప్రదాయాల్లోనూ లేదు. దాని మూలం వేరే చోట వెదకాలి.

3. లంఘనం నుంచి ప్రకృతివైద్యానికి:
చరకసంహిత సూత్రస్థానం లంఘనాన్ని పది విధాలుగా విభజించి, వాటిలో ఉపవాసాన్ని చేర్చింది. తెలుగువారి నోట అది ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత అయింది. ఇక్కడ లంఘనం చికిత్సలో ఒక భాగమే తప్ప మందుకు శత్రువు కాదు. రోగి బలాన్ని చూసి వైద్యుడు నిర్ణయించవలసిన ఉపాయం అది.

మందునే నిరాకరించే ధోరణి 19వ శతాబ్దపు జర్మన్ ప్రకృతివైద్యంతో వచ్చింది. దేహంలో పేరుకున్న పరపదార్థమే సర్వరోగాలకూ మూలమని లూయీ కూనే ప్రతిపాదించాడు. నీటితొట్టి స్నానాలు, మసాలాలు లేని సహజాహారం ఆయన చికిత్సలు. ఆయన గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ అనువాదాలు 1904లో వెలువడ్డాయి. భారతీయ ప్రకృతివైద్యోద్యమానికి తొలి ద్వారాల్లో ఒకటి తెలుగే. తరువాత గాంధీజీ ప్రభావం ఈ ఉద్యమానికి విస్తృతి కల్పించింది. 1970లో హైదరాబాదులో గాంధీ ప్రకృతివైద్య కళాశాల ఏర్పడింది. ఇటీవలి దశాబ్దాల్లో ఉప్పు, నూనె లేని వంటను, ఉపవాసాన్ని మంతెన సత్యనారాయణరాజు పుస్తకాల ద్వారా, టెలివిజన్ ద్వారా ఇంటింటికీ చేర్చారు.

ఈ తేదీలను రక్తపోటు చరిత్రతో పోల్చి చూడాలి. చేతికి పట్టీ చుట్టి రక్తపోటును కొలిచే సాధనాన్ని ఇటలీ వైద్యుడు రివా రోచీ 1896లో ప్రకటించాడు. పై సంఖ్యతోపాటు కింది సంఖ్యనూ ధ్వనుల ద్వారా గుర్తించే పద్ధతిని రష్యా వైద్యుడు కొరొట్కోవ్ 1905లో చెప్పాడు. కూనే గ్రంథం తెలుగులోకి వచ్చేనాటికి ఈ కొలతలు లేవు, రక్తపోటుకు నమ్మదగిన మందూ లేదు. అప్పటి ‘మందులు వద్దు’ అన్న పిలుపు రక్తపోటు మాత్రలను ఉద్దేశించింది కాదు. ఆ పిలుపును వేరే కాలపు మందులకు యథాతథంగా అన్వయించడం చారిత్రకంగా పొరపాటు.

గాంధీజీ ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. మితాహారి, శాకాహారి, నడకను ఆరాధించినవాడు, ఉపవాసాన్ని జీవితవిధానం చేసుకున్నవాడు. అయినా ఆయన రక్తపోటు 1937 అక్టోబరులో 194/130గా, 1940 ఫిబ్రవరిలో 220/110గా నమోదైంది. జీవనశైలి ఎంత నియమబద్ధమైనా ప్రతి దేహంలోనూ రక్తపోటు దానంతట అదే అదుపులో ఉండదు.

4. బియ్యం, సర్పగంధ, మాత్ర:
మందులు లేని కాలంలో ఆహారంతోనే తీవ్ర రక్తపోటును దించిన ప్రసిద్ధ ప్రయోగం అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జరిగింది. వాల్టర్ కెంప్నర్ 1940లలో రోగులకు బియ్యం, పండ్లు, పంచదార మాత్రమే ఇచ్చాడు. వరి పండే కోనసీమ పాఠకుడికి ఇది ఆశ్చర్యం కలిగించవచ్చు. అయితే ఆ అన్నం వెంట ఆవకాయ లేదు, ఎండుచేప లేదు, ఉప్పు వేసిన పప్పూ లేదు. ఆ పథ్యానికున్న బలంలో పెద్దవంతు ఉప్పు దాదాపు లేకపోవడమే. రోగులను వైద్యుల కట్టుదిట్టమైన పర్యవేక్షణలో ఉంచి ఆ చికిత్స చేశారు.

1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ వైద్యపత్రికలో చూపారు. 1952లో దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. 1958లో మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపే క్లోరోథయజైడ్ వాడుకలోకి వచ్చింది. పథ్యం ఏ మార్గంలో పనిచేసిందో ఈ మాత్ర కూడా కొంతవరకు అదే మార్గంలో పనిచేసింది. ఆహారానికీ మందుకూ మధ్య ఉన్నట్లు చెప్పే వైరం దేహంలో లేదు.

5. నేటి ఆధారాలు, వాటి పరిమితులు:
తిండి ఆగినప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది. మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఎక్కువగా విడుస్తాయి. రక్తనాళాలను బిగించే నాడుల ఉద్రేకం తగ్గుతుంది. కొన్ని వారాలు కొనసాగితే బరువు కూడా తగ్గుతుంది. రక్తపోటు దిగడానికి ప్రధాన కారణాలు ఇవి.

2001లో అమెరికాలో గోల్డ్‌హేమర్ బృందం 174 మంది రోగులను వైద్యకేంద్రంలో ఉంచి నీటితోనే ఉపవాసం చేయించింది. సగటున పై సంఖ్య 37, కింది సంఖ్య 13 తగ్గాయి. అయితే పోల్చిచూడటానికి వేరే బృందం లేదు. 2018లో సటన్ బృందం భోజనాలన్నీ 6 గంటల వ్యవధిలో, మధ్యాహ్నం 3 గంటల లోపు ముగించే పద్ధతిని పరీక్షించింది. బరువు తగ్గకుండానే పై సంఖ్య సుమారు 11 తగ్గింది. కానీ అందులో పాల్గొన్నది 8 మంది పురుషులే. 2021లో లండన్‌లో రంజాను ఉపవాసకులపై జరిగిన పరిశీలనలో పై సంఖ్య సుమారు 7 తగ్గింది. సటన్ పద్ధతి ఏకభుక్తానికి దగ్గరగా, రంజాను నక్తానికి దగ్గరగా ఉన్నాయి. ఏ వేళ మేలన్న ప్రశ్నను ఇంత చిన్న అధ్యయనాలు తేల్చలేవు.

ఈ చర్చ గోదావరి జిల్లాల్లో కేవలం సిద్ధాంతచర్చ కాదు. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం 1354 మరణాలను నమోదు చేసింది. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల సంభవించాయి. అంటువ్యాధుల మరణాలు అంతకంటే చాలా తక్కువ. పల్లెటూరి మనిషికి ఇవి పట్నవాసపు జబ్బులన్న నమ్మకాన్ని ఆ లెక్క చెరిపేసింది.

ఇలాంటిచోట ఉపవాసదినాన సొంతంగా మాత్ర మానడం వల్ల రెండు వైపులా హాని ఉంది. క్లోనిడిన్, బీటా నిరోధకాల వంటి మందులను ఒక్కసారిగా ఆపితే రక్తపోటు లేదా గుండెవేగం ఎగబాకవచ్చు. అలాగని పాత మోతాదులోనే మూత్రం పెంచే మాత్ర వేసుకుని, నీరు కూడా తాగక ఉంటే రక్తపోటు మరీ పడిపోయి మనిషి కళ్లు తిరిగి పడవచ్చు. మధుమేహపు మందులు వాడేవారికి చక్కెర పడిపోయే ప్రమాదం అదనం. మోతాదు తగ్గించడం అవసరం కావచ్చు. కానీ అది ఇంట్లో రాసుకున్న కొలతలను చూసి వైద్యుడు తీసుకోవలసిన నిర్ణయం.

6. ముగింపు:
కోనసీమ ఉపవాసాచారం వేళను నియమించింది, ఉప్పును విడిచింది, ఔషధాన్ని నిలిపింది. నేటి ప్రచారంలో వేళ మాత్రమే పూర్తిగా మిగిలింది. ఉప్పు ఫలహారం రూపంలో తిరిగివచ్చింది. ఔషధాన్ని నిలిపిన నియమం తలకిందులై, మందు మానడమే ఉపవాస విజయానికి గుర్తుగా మారింది. ఈ మార్పుకు మూలం వ్రతసంప్రదాయం కాదు, రక్తపోటును కొలవలేని కాలంలో పుట్టిన ఒక వైద్యవాదం. ఏకాదశినాడు వేసుకున్న మాత్ర వ్రతాన్ని చెడగొట్టదని శాస్త్రమే అంగీకరించింది. ఆ మాత్ర అవసరం నిజంగా తగ్గిందో లేదో చెప్పగలిగేది చేతికి చుట్టిన పట్టీలోని సంఖ్య. పెద్దలు విధించిన నియమాన్నీ, ఆ సంఖ్యనూ కలిపి చదువుకున్నప్పుడే ఉపవాసం ఈ ప్రాంతపు ఆరోగ్యానికి ఉపయోగపడుతుంది.